పలుపు ఎప్పుడు విప్పాలి?
(గోదావరి వరదల్లో ఇల్లు, పశువులు, మనుషుల రక్షణ – సభ్య సంఘాలకు పాఠం)



గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు మన లోతట్టు గ్రామాల్లో కనిపించే దృశ్యం మీకు తెలిసిందే. అధికారులు వచ్చి ఇళ్లు ఖాళీ చేయమంటారు. పిల్లలను, ముసలివారిని ట్రాక్టరు ఎక్కిస్తారు. కాని ఇంటికి ఒకరు వెనక వుండిపోతారు. "మీరు పొండి, నేను గొడ్ల సంగతి చూసుకుని వస్తాను" అంటారు. తెల్లవారేసరికి దారి మునిగిపోతుంది. ఆ ఒక్క మనిషి కోసం ప్రవాహానికి అడ్డంగా పడవ వెళ్లవలసి వస్తుంది.

ఆ మనిషిది మొండితనం అనుకోకూడదు. నిండు చూడితో వున్న గేదె ఆ ఇంటికి ఏడాది బతుకు. దాన్ని గుంజకు కట్టి వదిలి రమ్మంటే ఏ పాడి రైతుకైనా కాళ్లు రావు. అందుకే ఈ పాఠంలో మొదటి మాటగానూ చివరి మాటగానూ చెప్పేది ఒక్కటే: పశువు ముందు కదిలితేనే మనిషి సకాలంలో కదులుతాడు. పశువు పలుపు ఏ వేళకు విప్పాలో వానలు పడకముందే నిర్ణయించుకున్న కుటుంబం వరదలో ప్రాణాలు కాపాడుకుంటుంది.

ఆ వేళ ఎప్పుడు? దాన్ని లెక్క వేసుకోవడం ఎలాగో ముందుగా తెలుసుకుందాం.

నది చెప్పే లెక్క

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ చేస్తారు. ఈ అంకెలు మన వీధిలో నీటి లోతు కావు. నది ఒడ్డున వున్న కొలబద్ద మీది అంకెలు మాత్రమే. 43 అడుగులు అనగానే కొందరు బెదిరిపోతారు, కొందరు "మనకేం కాదు" అని పడుకుంటారు. ఇద్దరూ పొరబడుతున్నట్టే. ఆ అంకెకు మన ఇంటి దగ్గర అర్థం ఏమిటన్నదే అసలు ప్రశ్న.

గతం ఏమి చెబుతున్నదో చూడండి. 1986 ఆగస్టు 16న భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 1990 ఆగస్టులో 70.8 అడుగులు, 2006 ఆగస్టులో 66.9 అడుగులు వచ్చింది. 2013లోను, 2020లోను ఆగస్టు నెలలోనే 61 అడుగులు దాటింది. ఇక 2022లో జూలై 16వ తేదీకే 71.3 అడుగులకు చేరింది. భద్రాచలం వంతెన మీద రాకపోకలు ఆపివేయవలసి వచ్చింది. బూర్గంపహాడు, దుమ్ముగూడెం, చర్ల ప్రాంతాల గ్రామాల్లోకి నీరు చేరింది.

ఇందులో మనం నేర్చుకోవలసిన సంగతులు రెండు. మొదటిది, మూడవ హెచ్చరికే ఆఖరి మెట్టు కాదు. 2022లో నీరు ఆ మెట్టు దాటి ఇంకా 18 అడుగులు పైకి వెళ్లింది. రెండవది, పెద్ద వరదకు శ్రావణం దాకా గడువు వున్నదనుకోవద్దు. 2022 వరద ఆషాఢంలోనే వచ్చింది. కాబట్టి మన ఏర్పాట్లన్నీ మృగశిర కార్తె నాటికే పూర్తి కావాలి.

గోదావరి వేరు, వాగు వేరు

గోదావరి పెద్ద నది. పైన ప్రాణహిత, ఇంద్రావతి పొంగిన నీరు మన దగ్గరకు దిగి రావడానికి వ్యవధి పడుతుంది. ఎగువన పేరూరు, దుమ్ముగూడెం వద్ద కొలిచిన మట్టాలను బట్టి కేంద్ర జలసంఘం వారు ముందుగా అంచనా చెప్పగలుగుతారు. అంటే గోదావరి కబురు పెట్టి వస్తుంది.

వాగు అలా కాదు. 2024 ఆగస్టు 31 రాత్రి ఎగువన మహబూబాబాదు వైపు కుండపోతగా వాన కురిసింది. మరునాడు, అంటే సెప్టెంబరు 1న, ఖమ్మం పట్టణంలో మున్నేరు 36 అడుగుల దాకా పెరిగి ఒడ్డు కాలనీలను ముంచింది. కట్టుబట్టలతో మేడలు ఎక్కినవారు ఎందరో. మున్నేరు గోదావరిలో కలిసే ఏరు కాదు, కృష్ణకు పోయే ఏరు. భద్రాచలం కొలబద్దను చూసుకుంటూ కూర్చున్నవారికి మున్నేరు సంగతి తెలియదు. అలాగే తాలిపేరు, కిన్నెరసాని జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు దిగువ వాగుల్లో నీరు చూస్తూ వుండగానే పెరుగుతుంది.

ఇంకొక చిక్కు కూడా వుంది. గోదావరి నిండుగా వున్నప్పుడు వాగు నీటిని తనలోకి రానివ్వదు. వాగు వెనక్కు తన్నుతుంది. కిన్నెరసాని కలిసే బూర్గంపహాడు దగ్గర, శబరి కలిసే కూనవరం దగ్గర ఈ పోటు నీరే పొలాలను, వూళ్లను ముంచుతుంది. (కూనవరం 2014 వరకు మన ఖమ్మం జిల్లాలోనిదే, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో వుంది.) అందువల్ల "మా వూరు నదికి దూరం" అనే మాట వాగు పక్క గ్రామాలకు వర్తించదు.

భద్రాచలం పట్టణంలో కరకట్ట లోపల వున్నవారు కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. నది పెరిగినప్పుడు కట్టకు వున్న స్లూయిస్ తలుపులు మూసివేస్తారు. అప్పుడు లోపల కురిసిన వాన బయటకు పోదు. దాన్ని మోటార్లతో తోడాలి. కట్ట వున్నా పల్లపు వీధులకు నీరు వస్తుంది.

ఇంటి గుర్తు, దారి గుర్తు

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. ప్రతి ఇంటికీ రెండు గుర్తులు వుండాలి. నీరు ఇంటి నేలను తాకే మట్టం ఇంటి గుర్తు. ఇంటి నుంచి మెరకకు పోయే దారి మునిగే మట్టం దారి గుర్తు.

ఉదాహరణకు, 2022 వరదలో మీ గోడ మీద మట్టి చార నేలకు 4 అడుగుల ఎత్తున పడిందనుకుందాం. ఆనాడు భద్రాచలం వద్ద 71.3 అడుగులు. అందులోంచి 4 తీసివేస్తే 67.3. అంటే భద్రాచలంలో సుమారు 67 అడుగులు వుంటే మీ గడపకు నీరు వస్తుందన్నమాట. ఇది మీ ఇంటి గుర్తు.

ఇక వూరి బయట చప్టా సంగతి. అది భద్రాచలంలో 50 అడుగులు వున్నప్పుడే మునుగుతుందనుకుందాం. ఇది మీ దారి గుర్తు. ఇప్పుడు ఆలోచించండి. 50 నుంచి 67 దాకా మీ ఇల్లు పొడిగానే వుంటుంది. పొయ్యి వెలుగుతుంది, గేదె పాలిస్తుంది, అంతా మామూలుగానే కనిపిస్తుంది. కాని మీరు అప్పటికే లంకలో చిక్కినట్టు. ఇల్లు పొడిగా వుంది కదా అన్న ధీమాయే చాలా మందిని మోసం చేస్తుంది. కదలవలసింది దారి గుర్తును చూసి. ఇంటి గుర్తును చూసి కాదు.

లెక్క వేసేటప్పుడు జాగ్రత్తలు మూడు. భద్రాచలానికి దూరంగా వున్న గ్రామాల్లో అక్కడ ఒక అడుగు పెరిగితే ఇక్కడ కూడా సరిగ్గా ఒక అడుగే పెరుగుతుందని అనుకోరాదు. అందుచేత ఒక్క ఏడాది చారతో సరిపెట్టకుండా 2013, 2020, 2022 మూడింటినీ పోల్చి చూడాలి. వచ్చిన అంకెలోంచి కనీసం 2 అడుగులు జాగ్రత్త కోసం తగ్గించుకోవాలి. వాగు పక్క వూరైతే వాగు మునిగే మట్టాన్ని వేరుగా గుర్తు పెట్టుకోవాలి. 1986 నీరు ఏ రావిచెట్టు గద్దె దాకా వచ్చిందో వూళ్లో పెద్దవారికి గుర్తుంటుంది. వారిని అడిగి బడి గోడ మీద, పాల కేంద్రం గోడ మీద రంగుతో గీత గీయించండి. ఇదేమంత ఖర్చు పని కాదు.

ఏ హెచ్చరికకు ఏ పని

దారి గుర్తు 50 దగ్గర వున్న వూరికి పని క్రమం ఇలా వుంటుంది. మీ గుర్తును బట్టి మీరు ముందుకు జరుపుకోండి.

43 అడుగులు: నిండు చూడి పశువులను, ఈనిన పశువులను, దూడలను మెరకకు తరలించాలి. అడవిలోకి, లంకల్లోకి మేతకు తోలిన మందలను వెనక్కు రప్పించాలి. ఇంటి కాగితాలు, మందులు మూట కట్టాలి.

48 అడుగులు: మిగిలిన పశువులన్నీ కదలాలి. వాటితోపాటు పిల్లలు, గర్భిణులు, వృద్ధులు కదలాలి. ధాన్యం, విత్తనాలు అటకమీదికి ఎక్కాలి.

53 అడుగులు: ఆ పాటికి వూళ్లో కట్టేసిన పశువు ఒక్కటి కూడా వుండకూడదు. దాని కోసం ఆగిన మనిషీ వుండకూడదు.

పాల కేంద్రం దగ్గర ఈ మాట నడిచినప్పుడు ఒక సభ్యురాలు అడగవచ్చు: "అన్నా, 43కే తోలుకుపోతే, తీరా నీరు రాకపోతే? రెండు పూటల పాలు తగ్గుతాయి కదా?" నిజమే, తగ్గుతాయి. చోటు మారిన పశువు రెండు మూడు రోజులు పాలు తగ్గించడం సహజం. కార్యదర్శి చెప్పవలసిన జవాబు ఇది: "తగ్గుతాయి అక్కా. నాలుగైదు లీటర్లు పోతాయి. నాలుగుసార్లు తోలితే మూడుసార్లు వృథా కావచ్చు. నాలుగోసారి గేదె మిగులుతుంది, నీవూ మిగులుతావు."

వానలకు ముందు ఇంటి పని

ఇంటి గుర్తు తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా తెలుస్తుంది. పెద్ద వరదలో మీ ఇంటికి ఒకటి రెండు అడుగుల నీరు మాత్రమే వచ్చేటట్టయితే పునాది పీఠం లేపడం లాభసాటి. పది అడుగులు వచ్చే చోట ఎంత పీఠం కట్టినా ప్రయోజనం లేదు. అక్కడ తొందరగా కదలడమే రక్షణ.

పీఠాన్ని రాతితో గాని, కాల్చిన ఇటుకతో గాని సిమెంటు పూతతో, వరద చారకు ఒకటిన్నర అడుగు పైదాకా కట్టుకోవాలి. దాని మీద మట్టి గోడ లేపినా ఫరవాలేదు. మట్టి గోడ పడేది నీటి తాకిడికన్నా నానడంవల్లే ఎక్కువ. అడుగు నానితే పై బరువును మోయలేదు. నీరు తీసిన తర్వాత కూడా కూలవచ్చు. గోడ అడుగున సిమెంటు పూత, చుట్టూ వాలుగా అరుగు, రెండు అడుగులు ముందుకు వచ్చిన చూరు వుంటే వాన నీరు గోడ మొదట్లో నిలవదు.

మన కోయ గూడేల్లో కట్టే తడిక ఇంటికి ఒక సుగుణం వుంది. గట్టి కర్ర గుంజలు లోతుగా పాతి, వెదురు తడిక కట్టి, మట్టి మెత్తుతారు. వరదలో మట్టి కరిగిపోయినా, గుంజలూ తడికా నిలిస్తే కప్పు నిలుస్తుంది. నీరు తీసినాక మళ్లీ మెత్తుకోవచ్చు. ఇంటి గోడలకు ఇటుక వాడేవారు కూడా కప్పు బరువును గుంజల మీద మోపి, దూలాన్ని గుంజకు ఇనుప తీగతోనో పట్టీతోనో బిగిస్తే మంచిది.

పక్కా ఇల్లు వున్నవారు గడపకు ఇసుక బస్తాలు అడ్డం పెట్టి నీటిని ఆపుతారు. అడుగు, రెండు అడుగుల నీటికి అది పనికివస్తుంది. అంతకు మించితే ప్రమాదం. లెక్క చూడండి: పది అడుగుల పొడవు గోడకు ఒకవైపే మూడు అడుగుల నీరు నిలిస్తే ఆ గోడ మీద పడే నెట్టు టన్నుకు పైన వుంటుంది. మామూలు ఇటుక గోడ దాన్ని తట్టుకోకపోవచ్చు. నీరు అంతకు పెరిగేటట్టుంటే తలుపులు తెరిచి నీటిని లోపలికి రానివ్వడమే మేలు. రెండు వైపులా నీరు సమంగా వుంటే గోడ నిలుస్తుంది.

వంట గ్యాసు సిలిండరు నీటిలో తేలుతుంది. వెళ్లే ముందు రెగ్యులేటరు తీసి, మూత పెట్టి, సిలిండరును నిలువుగా గుంజకు కట్టాలి. కరెంటు మెయిన్ ఆపివేయాలి. చాఫ్ కట్టరు మోటారు, పాలు పితికే యంత్రం విప్పి అటకమీద పెట్టాలి.

వానలకు ముందు పశువుల పని

గొంతువాపు, జబ్బవాపు వ్యాధులకు టీకాలు వానాకాలానికి ముందే వేయించాలి. టీకా వేసిన రెండు మూడు వారాలకు గాని వ్యాధినిరోధక శక్తి పూర్తిగా రాదు. వరద వచ్చాక వేసిన టీకా ఆ వరదకు అక్కరకు రాదు. రోహిణి కార్తెలోనే పశువైద్యశాలకు వెళ్లండి. గాలికుంటు టీకా ఆరు నెలలకొకసారి వేయించాలన్నది మరవవద్దు.

ప్రతి పశువు చెవికి 12 అంకెల పోగు వుండాలి. ఆ అంకెను సంఘం రిజిస్టరులోను, మీ ఫోనులోను రాసి పెట్టుకోండి. మెరక మీద నాలుగు వూళ్ల మందలు కలిసినప్పుడు మీ గేదె మీదేనని చెప్పేది ఆ పోగే. నష్టపరిహారానికీ అదే సాక్ష్యం.

మేత సంగతి. పెద్ద పశువుకు రోజుకు కనీసం 6 కిలోల ఎండుగడ్డి కావాలి. రెండు గేదెలకు వారానికి 84 కిలోలు. అంత గడ్డిని ముందుగానే మెరక మీద మంచె వేసి, పైన టార్పాలిను కప్పి వుంచాలి. గడ్డివామి మొత్తం ఇంటి దగ్గరే వుంటే వరద దాన్ని తీసుకుపోతుంది, లేదా నానబెట్టి బూజు పట్టిస్తుంది. పశువుల కొట్టానికి చుట్టూ గోడలు కట్టవద్దు. నేల ఎత్తుగా, ఒక వైపు పూర్తిగా తెరుపుగా వుంటే అత్యవసరంలో పశువు తనంత తాను బయటపడుతుంది.

మెరక ఎక్కడ అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. మన వైపు మెరక అంటే చాలా చోట్ల అడవి అంచే. సంఘం తరఫున గ్రామపంచాయతీతోను, అటవీ సిబ్బందితోను వేసవిలోనే మాట్లాడి స్థలం నిర్ణయించుకోండి. అక్కడ బోరు గాని, వూట బావి గాని దగ్గరలో వుండాలి. పాలిచ్చే గేదె రోజుకు 50 లీటర్లకు పైగా నీరు తాగుతుంది.

నీరు వచ్చినప్పుడు

ముందుగా మనుషుల సంగతి. పారే నీరు మోకాలి లోతు వున్నా నిలదొక్కుకోవడం కష్టం. రెండు అడుగుల ప్రవాహంలో మోటారు వాహనం కూడా తేలి కొట్టుకుపోగలదు. మునిగిన చప్టా మీద రోడ్డు కోతపడిందో లేదో పైనుంచి కనబడదు. ఆపద వస్తే 112కు ఫోను చేయండి.

మన అడవి అంచు గ్రామాల్లో జరిగే మరొక ప్రమాదాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. పొద్దున పశువులను వాగు దాటించి మేతకు తోలుతారు. మధ్యాహ్నం పైన వాన పడుతుంది. సాయంత్రానికి వాగు నిండుతుంది. ఇవతల దూడ అరుస్తూ వుంటుంది, పాలబండి వచ్చే వేళ అవుతుంది. కాపరి "నడుము లోతే కదా" అని దిగుతాడు. దిగవద్దు. పశువులను అవతలే మెరక మీద వుండనీయండి. ఒక రాత్రికి వాటికేమీ కాదు. మీరూ అవతలే వుంటే అక్కడే ఆగండి. ఆ పూట పాలు పోతే పోనీయండి. ఇంట్లో వాళ్లు కూడా "ఇంకా రాలేదేం" అని ఫోను మీద తొందరపెట్టకూడదు.

పశువులను తరలించడానికి వ్యవధి లేనప్పుడు కనీసం పలుపులు విప్పివేయండి. గేదె ఈత జంతువు. కట్టు లేకపోతే అది మెరకను వెతుక్కుంటుంది. కట్టి వుంటే గుంజ దగ్గరే మునుగుతుంది. పొడుగు తాడు మెడకు వేలాడనివ్వవద్దు, చెట్లకు, కంచెకు చిక్కుకుంటుంది. ఒక పశువును మరొకదానికి కట్టవద్దు. చిన్న దూడలు, నిండు చూడివి ఎక్కువసేపు ఈదలేవు కాబట్టే వాటిని మొదటి హెచ్చరికకే పంపమన్నాం. వానాకాలమంతా రాత్రిపూట కట్టేటప్పుడు ఒక్క లాగుతో ఊడే ముడి వేయడం అలవాటు చేసుకోండి. నానిన తాడు ముడి చీకట్లో విప్పడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. ఒక కొడవలి అందుబాటులో వుంచుకోండి.

పాములు కూడా మెరకను, కప్పులను, గడ్డివాములను వెతుక్కుంటూ వస్తాయి. కాటు పడితే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం చేయవద్దు. కరిచిన అవయవాన్ని కదపకుండా వుంచి ఆసుపత్రికి తీసుకుపోవాలి. 108కి చెప్పండి. పాము విషానికి విరుగుడు మందు ఆసుపత్రిలోనే వుంటుంది.

మెరక మీద వున్నప్పుడు పాలు పితకడం మానవద్దు. కొనేవారు లేరని వదిలేస్తే పొదుగువాపు వస్తుంది. పాలబండి రాకపోతే కాచి శిబిరంలో పిల్లలకు పోయండి. మిగిలితే తోడుపెట్టి వెన్న తీసి నెయ్యి చేసుకోండి. బురదలో పడుకున్న పశువు పొదుగును మంచి నీటితో కడిగి, తుడిచి పితకాలి.

నీరు తీసిన తర్వాత

ఇంటికి పగటి వెలుతురులోనే రండి. ముందు బయటనుంచి చుట్టూ తిరిగి చూడండి. గోడ ఉబ్బినా, వాలినా, మూలల్లో పగులు కనిపించినా లోపలికి వెళ్లవద్దు, పిల్లలను ఆ గోడ నీడన కూర్చోనివ్వవద్దు. నానిన గోడ ఆరేదాకా నమ్మదగింది కాదు. లైన్‌మన్ చూసి చెప్పేదాకా స్విచ్చి వేయవద్దు. బురద ఎత్తేటప్పుడు కాళ్లకు పుండ్లు, గాయాలు వున్నవారు బూట్లు తొడుక్కోవాలి. ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా ఎలుక జ్వరం వస్తుంది. అది పశువులకూ సోకుతుంది.

మునిగిన బావిని తోడించి, ఆరోగ్య సిబ్బంది చెప్పిన మోతాదులో బ్లీచింగు పొడి వేయించేదాకా ఆ నీరు తాగవద్దు. కాచిన నీరు శ్రేష్ఠం. పశువులకు కూడా గుంటల్లో నిలిచిన వరద నీరు పెట్టవద్దు.

నానిన దాణాను, బూజు పట్టిన గడ్డిని మేపవద్దు. బూజు విషం పశువును దెబ్బతీయడమే కాదు, పాలలోకి కూడా దిగుతుంది. బురద పట్టిన పచ్చగడ్డిని కడిగి, కొంచెం కొంచెంగా ఎండుగడ్డితో కలిపి వేయాలి. పశువుకు హఠాత్తుగా ఎక్కువ జ్వరం, గొంతు కింద వాపు, గురకతో కూడిన శ్వాస కనిపిస్తే గొంతువాపుగా అనుమానించాలి. ఇందులో ఒక్క రోజులోనే ప్రాణం పోవచ్చు. వెంటనే పశువైద్యునికి కబురు చేయండి. 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

చనిపోయిన పశువును వాగులో పడవేయవద్దు. అది దిగువ వూరి మంచినీటిని చెడుపుతుంది. బావులకు దూరంగా లోతైన గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. అయితే పూడ్చే ముందు చెవిపోగు కనబడేటట్టు ఫొటో తీయించి, పశువైద్యుని ధ్రువీకరణ, పంచనామా పొందాలి. 2022–26 కాలానికి కేంద్రం నిర్ణయించిన విపత్తు సాయం నిబంధనల్లో పాలిచ్చే గేదెకు గాని, ఆవుకు గాని 37,500 రూపాయలు, కుటుంబానికి మూడు పశువుల దాకా అని వుంది. ఆ తర్వాతి మొత్తాలను మండల కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. ఆధారం లేనిదే ఏ మొత్తమూ చేతికి రాదు.

సంఘం చేయవలసిన పని

పాల సంఘానికి రోజుకు రెండుసార్లు వూరంతా వచ్చి పోతుంది. హెచ్చరిక చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా భద్రాచలం మట్టాన్ని, దగ్గరి వాగు మట్టాన్ని పూటపూటకూ నల్లబల్ల మీద రాయాలి. కొవ్వు శాతం, ధర రాసే బల్ల మీదే ఆ రెండు అంకెలూ వుండాలి.

ఏ సభ్యుని ఇంట్లో ఎన్ని పశువులు, అందులో చూడివి ఎన్ని, తోలుకుపోయే మనిషి వున్నాడా లేదా అన్న జాబితా కార్యదర్శి దగ్గర వుండాలి. ఒంటరి స్త్రీలు, వృద్ధులు వున్న ఇళ్లకు ఇద్దరేసి యువకులను ముందే కేటాయించాలి. ట్రాక్టరు ఎవరిది, డీజిలు ఎక్కడ వుందన్నది అప్పటికప్పుడు వెతకరాదు.

ఇంకా గెర్బర్ పద్ధతిలో వెన్న పరీక్ష చేసే కేంద్రాల్లో గంధకామ్లం సీసాలు వుంటాయి. ఆమ్లానికి నీరు తగిలితే మరిగి చిమ్ముతుంది. వాటిని ముందుగా, జాగ్రత్తగా మెరక మీది చోటుకు చేర్చండి. పద్దు పుస్తకాలు, కాటా, టెస్టరు కూడా అలాగే. పాల క్యాన్లకు మూతలు బిగించి ఒకదానికొకటి కట్టి వుంచండి. నీరు తీసినాక క్యాన్లను వేడి నీటితో, వాషింగు సోడాతో కడిగి ఎండలో ఆరవేయకుండా ఒక్క లీటరు కూడా పోయించుకోవద్దు.

సంఘ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. భద్రాచలంలో ఎన్ని అడుగులు వుంటే మన వూరి దారి మునుగుతుంది? వాగు వల్ల అంతకన్నా ముందే మునుగుతుందా?
2. 1986, 2022 వరదల్లో నీరు ఎక్కడి దాకా వచ్చిందో గీతలు గీశామా?
3. మన పశువులకు మెరక ఏది? అక్కడ నీరు, వారం రోజుల మేత వున్నాయా?
4. గొంతువాపు, జబ్బవాపు టీకాలు ఎన్ని పశువులకు పడలేదు?
5. ఎవరి ఇంట్లో పశువును తోలే మనిషి లేడు? వారి బాధ్యత ఎవరిది?
6. రాత్రి పన్నెండు గంటలకు హెచ్చరిక వస్తే వూరికి చెప్పేది ఎవరు?

ఈ ఆరు ప్రశ్నలకు జవాబులు ఒక కాగితం మీద రాసి పాల కేంద్రం గోడకు అంటించండి. వాటిలో ఏ ఒక్కదానికి జవాబు లేకపోయినా వానలు పడకముందే మరొకసారి కూర్చోండి. గోదావరి మళ్లీ వస్తుంది. అది 43 అడుగుల దగ్గర వుండగా విప్పిన పలుపు గేదెను కాపాడుతుంది, ఆ గేదెను వదలలేక ఆగిపోయే మనిషినీ కాపాడుతుంది.